మా ఏరియల్‌కి వాళ్ళ ఓటు వినపడుతుందా?

"ఆ కడ్డీకి మా ఓటు వినపడుతుందా?"

1993 ఏప్రిల్ ఆఖర్లో కంబోడియాలో ఒక ముసలమ్మ నన్ను అడిగిన మాట ఇది. ముప్పై ఏళ్ళు దాటిపోయాయి, ఆవిడ ముఖం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు. గుండు చేయించుకున్న తల, వక్కాకు నమిలి నల్లబడ్డ పళ్ళు, మెడ చుట్టూ గళ్ళ తువ్వాలు, అంతవరకే మిగిలింది. ప్రశ్న మాత్రం ఆవిడ గొంతుతో సహా అలాగే ఉండిపోయింది. కడ్డీ అన్నది మా వైర్‌లెస్ సెట్టు ఏరియల్‌ని. వెదురు గుంజకి కట్టి, పక్కనున్న తాటిచెట్టుకి ఆనించి పైకి లేపాం. ఆ ఊరి గుడి ఆవరణలోనే మా డిటాచ్‌మెంట్ ఉండేది, ఆ పక్కన బడిలోనే మే నెలలో పోలింగ్ జరగాలి.

నేను అప్పుడు భారత సైన్యంలో సిగ్నల్స్ ఆపరేటర్‌ని. వయసు 27. కంబోడియాకి వెళ్ళిన మన బెటాలియన్‌ని కంపోంగ్ చామ్ ప్రాంతంలో పెట్టారు, సెట్టు నడపడానికి నన్ను దానికి అటాచ్ చేశారు. 93 మొదట్లో వెళ్ళి సెప్టెంబర్‌లో తిరిగొచ్చాను. తల మీద నీలం టోపీ, భుజాన ఐక్యరాజ్యసమితి గుర్తు. నిజం చెప్పాలంటే వెళ్ళేటప్పుడు ఆ దేశం గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు, అంగ్‌కోర్ వాట్ ఒకటి, పోల్ పాట్ ఒకటి.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. 1975 నుంచి 79 జనవరి దాకా పోల్ పాట్ నడిపిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం పాలనలో ఆ దేశంలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారు. కొందర్ని చంపేశారు, మిగతావాళ్ళు ఆకలికీ, జబ్బుకీ, చాకిరీకీ పోయారు. ఆ తర్వాత వియత్నాం సైన్యం వచ్చి వాళ్ళని తరిమేసింది, కొత్త ప్రభుత్వాన్ని కూర్చోబెట్టింది, దానికి వ్యతిరేకంగా థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి మూడు వర్గాలు ఇంకో పన్నెండేళ్ళు యుద్ధం చేశాయి. ఆ మూడింటిలో ఖ్మేర్ రూజ్ కూడా ఒకటి. 1991 అక్టోబర్ 23న పారిస్‌లో నాలుగు వర్గాలూ సంతకాలు పెట్టాయి. 1992 ఫిబ్రవరిలో భద్రతా మండలి అన్‌టాక్ అనే మిషన్‌ని ఏర్పాటు చేసింది. దాని పెద్ద జపాన్‌కి చెందిన యసుషి అకాషి, సైన్యానికి కమాండర్ ఆస్ట్రేలియా జనరల్ జాన్ శాండర్సన్. సైనికులు, పోలీసులు, సివిలియన్లు అంతా కలిపి దాదాపు 22,000 మంది. అప్పటిదాకా ఐక్యరాజ్యసమితి ఒక దేశంలో ఇంత పని నెత్తిన వేసుకోలేదు. ఎన్నికలు పర్యవేక్షించడం కాదు, ఓటర్ల నమోదు దగ్గర్నుంచి లెక్కింపు దాకా మొత్తం మిషనే నడిపింది. రక్షణ, ఆర్థికం, విదేశాంగం, పోలీసు, సమాచారం, ఈ ఐదు శాఖల మీదా అజమాయిషీ కూడా దానిదే అని కాగితంలో రాసుకున్నారు.

కాగితంలో అని ఎందుకన్నానంటే, మేమున్న పల్లెలో అజమాయిషీ అంతా ఊరి పెద్దది. అతన్ని నియమించింది రాజధాని నోమ్ పెన్‌లో ఉన్న హున్ సేన్ ప్రభుత్వం, అంటే వియత్నాం కూర్చోబెట్టినదే, అతను ఆ పార్టీ మనిషే. మా వాళ్ళు వారానికోసారి జీపులో పోయి ఆయనతో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగి వచ్చేవాళ్ళు. ఎవరికి బియ్యం అందాలి, ఎవరి పొలం గట్టు ఎక్కడ, ఎవరి కొడుకు సైన్యంలోకి పోవాలి, అన్నీ అతని చేతిలోనే.

ఆ దేశంలో నన్ను మొదట కదిలించింది వాళ్ళ మాటలు. ఊరిని ‘భూమ్’ అంటారు, మన భూమి. టీచర్ని ‘క్రూ’ అంటారు, గురువు. పండగ ‘బోన్’, అది పుణ్యం. తాతని ‘తా’ అంటారు. కంపోంగ్ చామ్‌లో ఒక పాత గుడి ఉంది, వాట్ నోకోర్, ఆ నోకోర్ మన నగరమే. రాజుగారి ఇంటిపేరు నోరోడోమ్ అంటే నరోత్తమ అని తెలిసిన రోజు నేను సెట్టు దగ్గర కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. లిపి చూస్తే ఎక్కడో చూసినట్టే ఉండేది, పల్లవుల లిపి నుంచి పుట్టిందట. శాంతిని ‘సంతెఫియాప్’ అంటారు, ‘శాంతిభావం’ అన్నమాట. ఆ మాట గోడల మీద, బ్యానర్ల మీద, అన్‌టాక్ పోస్టర్ల మీద ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

పట్టణం బయట పక్కపక్కనే రెండు కొండలున్నాయి. ఫ్నోమ్ ప్రోస్, ఫ్నోమ్ స్రే. పురుషుడి కొండ, స్త్రీ కొండ. పేర్లు వినగానే అర్థమైపోయి, చూడాలని ఒక ఆదివారం మా దుబాసీ అమ్మాయిని కూడా రమ్మన్నాం. ఆమె వచ్చింది కానీ జీపు దిగలేదు. ఖ్మేర్ రూజ్ కాలంలో అక్కడికి మనుషుల్ని తీసుకొచ్చి చంపేవాళ్ళని, ఆ పుర్రెలే అక్కడ పేర్చి పెట్టారని మాకు దిగాకగానీ తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఎవరూ మాట్లాడలేదు. ఊరు చేరాక ఆ అమ్మాయే చెప్పింది, వాళ్ళ నాన్న క్రూ అని, ఒక సాయంత్రం మీటింగ్ ఉందని పిలిచి తీసుకెళ్ళారని, తర్వాత ఏ కొండో ఏ గుంటో ఎవరికీ తెలియదని.

ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై దాటి ఉండవు. 79లో తల్లి చెయ్యి పట్టుకుని నడిచి థాయ్ సరిహద్దు చేరి, సైట్ టూ అనే పెద్ద శరణార్థి శిబిరంలో పెరిగింది, ఇంగ్లీషు అక్కడే నేర్చుకుంది. అన్‌టాక్ వచ్చాక అలాంటి శిబిరాల నుంచి 3,60,000 మందికి పైగా వెనక్కి వచ్చారు. మొదట ప్రతి కుటుంబానికీ భూమి ఇస్తామన్నారు. తీరా చూస్తే మందుపాతరలు లేని భూమి అంత ఎక్కడుంది? చివరికి చాలామంది డబ్బే తీసుకున్నారు, పెద్దవాళ్ళకి తలకి 50 డాలర్లు, పిల్లలకి 25, దాంతోపాటు నెలల తరబడి సరిపడే బియ్యం. ఆమె తల్లి ఆ డబ్బుతో ఒక కుట్టుమిషన్ కొనుక్కుంది. నన్ను ఆ అమ్మాయి ‘బాంగ్’ అని పిలిచేది, అంటే అన్న. వాళ్ళలో అక్కకీ అదే మాట.

ఇక రేడియో సంగతి. ఇది నా పనికి దగ్గర విషయం కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. 1992 నవంబర్‌లో అన్‌టాక్ సొంతంగా ఒక రేడియో స్టేషన్ పెట్టింది. ఓటు ఎలా వేయాలి, ఎవరెవరు పోటీలో ఉన్నారు అని ఖ్మేర్ భాషలో చెప్పేది, అన్ని పార్టీలకీ సమానంగా టైమ్ ఇచ్చేది, ఒకరి మీద ఒకరు ఆరోపణ చేస్తే జవాబు చెప్పుకునే అవకాశం కూడా ఇచ్చేది. ఊళ్ళలో రేడియోలు లేవంటే జపాన్‌లో జనం వాడిన చిన్న రేడియోలు పోగుచేసి పంపించారు, వాటిని పంచారు. మా పల్లెకీ వచ్చాయి. సాయంత్రం అయ్యేసరికి ఒక్కో ఇంటి మెట్ల కింద పదేసి మంది చేరేవాళ్ళు. అక్కడి ఇళ్ళు కర్ర స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి, కింద నీడలో ఆవు, మంచం, ఊయల, మధ్యలో రేడియో.

బ్యాటరీలు అయిపోతే నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇవ్వకూడదు, నాకు తెలుసు. మా స్టోర్‌లో సగం అరిగిన సెల్స్ పక్కన పడేసేవాళ్ళం, అవి ఏరి ఇచ్చేవాణ్ణి. ఎండలో పెడితే ఇంకో రెండు రోజులు వస్తాయని చెప్పేవాణ్ణి. అలా నాకు ఆ ఊళ్ళో ‘రేడియో తా’ అని పేరొచ్చింది, 27 ఏళ్ళకే తాతనయ్యాను. ముసలమ్మ కూడా మొదట బ్యాటరీల కోసమే వచ్చింది.

ఆవిడ భయానికి కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ దేశంలో టెన్షన్ మామూలుగా లేదు. ఖ్మేర్ రూజ్ ఆయుధాలు అప్పగించనంది, ఎన్నికలనే ఒప్పుకోనంది. వాళ్ళు దించకపోయేసరికి మిగతావాళ్ళూ దించలేదు, 70 శాతం బలగాల్ని ఇంటికి పంపాలన్న మాట అక్కడే ఆగిపోయింది. మార్చి 10న తోన్లే సాప్ సరస్సు మీద పడవల్లో బతికే వియత్నాం మూలాల వాళ్ళని, పిల్లలతో సహా 33 మందిని చంపేశారు. ఏప్రిల్ 8న పక్కనున్న కంపోంగ్ థోమ్‌లో ఎన్నికల పని చేస్తున్న జపాన్ వాలంటీర్ కుర్రాణ్ణి, అతని దుబాసీని కాల్చి చంపారు. ఆ కబురు వైర్‌లెస్ నెట్ మీద వచ్చినప్పుడు సెట్టు దగ్గర నేనే ఉన్నాను. రాసుకుంటుంటే మా దుబాసీ అమ్మాయి నా భుజం మీదుగా చదివింది. దుబాసీ అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది. మర్నాడు పనికి రాదనుకున్నాను. వచ్చింది. మే మొదట్లో ఖ్మేర్ రూజ్ సియెమ్ రీప్ పట్టణం మీదే దాడి చేసింది.

ఇంకో భయం ఊళ్ళోనే ఉంది. ఓటరు కార్డులు ఇంటింటికీ తిరిగి అడిగి నంబర్లు రాసుకుంటున్నారు. కొందరి కార్డులు కొన్నాళ్ళు తీసుకుపోయారు కూడా. పెన్సిల్లో యంత్రం ఉందని, ఎవరికి గీత పెట్టామో ఆకాశంలో ఉన్న దానికి తెలిసిపోతుందని పుకారు. చదువుకున్నవాళ్ళకి నవ్వు రావచ్చు. కానీ ఎవరు ఎక్కడ ఏం మాట్లాడినా పైవాళ్ళకి తెలిసిపోయి, రాత్రికి రాత్రి మనిషి మాయమైపోయిన కాలం నుంచి బతికి బయటపడ్డవాళ్ళు వాళ్ళు. పైగా ఓటు వేసే బడి పక్కనే నేను తాటిచెట్టంత కడ్డీ నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని రాత్రింబవళ్ళు ఏదో వింటూ, ఏదో రాసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ అడగడంలో తప్పేముంది.

నేను వెంటనే "లేదమ్మా" అన్నాను. దుబాసీ అమ్మాయి చెప్పింది. ఆవిడ తల ఊపింది గానీ కళ్ళు ఏరియల్ మీదే ఉన్నాయి. నాకు ఏం తోచిందో, హెడ్‌ఫోన్ తీసి ఆవిడ చెవికి పెట్టాను. బరబర చప్పుడు, మధ్యమధ్యలో కంట్రోల్‌లో ఉన్న మావాడు హిందీలో నీళ్ళ ట్యాంకర్ గురించి అరుస్తున్నాడు. ఆవిడ చాలాసేపు విన్నది. తర్వాత సెట్టు ఆపేసి చూపించాను. ఇది వినేది ఇంకో సెట్టు మాత్రమే, అవతల మనిషి మాట్లాడితేనే వినపడుతుంది, కాగితం మీద గీసిన గీతకి చప్పుడు ఉండదు అని చెప్పాను. ‘మీరు ఎవరికి వేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు, మేము ఇక్కడే ఉంటాం’ అన్నాను. ఆ రెండో మాట ఎవరూ చెప్పమనలేదు, నేనే కలిపాను.

మే 23 తెల్లవారుజామున మూడున్నరకి డ్యూటీ మారి బయటికొస్తే గుడి ముందు చీకట్లో అప్పటికే మనుషులు బారులు తీరి ఉన్నారు. వర్షం పడుతోంది. పెట్టెలో దాచుకున్న మంచి బట్టలు వేసుకొచ్చారు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఓటరు కార్డులు గుండెలకి అదుముకుని నిలబడ్డారు. మందుపాతర మీద కాలు పోయినవాళ్ళు కర్రల మీద వచ్చారు. ఇసుక బస్తాల వెనక మావాళ్ళు తుపాకులతో, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లతో సిద్ధంగా ఉన్నారు. ఎప్పుడు ఎక్కడ నుంచి షెల్ పడుతుందోనని నేను గంట గంటకీ రిపోర్టు పంపుతున్నాను. ఎనిమిదికి, ఏమీ లేదు. తొమ్మిదికి, ఏమీ లేదు. పదికి కంట్రోల్‌లో ఉన్నవాడు "అన్నిచోట్లా ఇలాగే ఉందిరా" అన్నాడు, వాడి గొంతు వణికింది. నాకూ ఏడుపొచ్చింది, దాచను.

మా ముసలమ్మ మధ్యాహ్నం ముందే వేసేసింది. బయటికి వచ్చి నా వైపు చూసి, ఏరియల్ వైపు వేలు చూపించి, చెవి మీద చెయ్యి పెట్టి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆ నల్లటి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

దేశం మొత్తం మీద మొదటి రోజే దాదాపు సగం మంది వేసేశారు. 28 దాకా ఆరు రోజులు. నమోదైన 47 లక్షల పైచిలుకు ఓటర్లలో దాదాపు 90 శాతం మంది ఓటేశారు. అంతకుముందు కొన్ని వారాలు ప్రాణభయంతో గడిపిన దేశం అది. ఆ ఆరు రోజులు నేను నా కళ్ళతో చూశాను కాబట్టి, పేదవాళ్ళకి, చదువులేనివాళ్ళకి ఓటు విలువ తెలియదని ఎవరైనా అంటే ఊరుకోలేను.

ఫలితాల్లో రాజకుమారుడు రణరిద్ధ్ పార్టీ ఫున్సిన్‌పెక్‌కి 58 సీట్లు, హున్ సేన్ పార్టీకి 51, ఇంకో పార్టీకి 10, మరో చిన్న పార్టీకి ఒకటి. మొత్తం 120. ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు. జూన్‌లో రణరిద్ధ్‌కి సవతి తమ్ముడు, కానీ అవతలి పార్టీ మనిషి, చక్రపోంగ్ అనే ఆయన తూర్పు రాష్ట్రాలు విడిపోతున్నాయని ప్రకటించాడు. తూర్పు రాష్ట్రాలంటే మేమున్న కంపోంగ్ చామ్ కూడా. రాత్రికి రాత్రి మేము ఏ దేశంలో ఉన్నామో మాకే తెలియని పరిస్థితి. ఆ నాలుగైదు రోజులు నేను సెట్టు దగ్గర నుంచి లేచింది తక్కువ. ఊరి జనం రేడియోలు చిన్నగా పెట్టుకుని లోపల కూర్చున్నారు, ఇంటి కింద గుంపులు లేవు. మా దుబాసీ అమ్మాయి అడిగింది, "బాంగ్, గెలిచినవాళ్ళు గెలిచినట్టా, కానట్టా?"

ఆ గొడవ తొందరగానే చల్లారింది, చక్రపోంగ్ వియత్నాం వైపు వెళ్ళిపోయాడు. కానీ బేరం కుదిరిపోయింది. ఇద్దరు ప్రధానమంత్రులు, మొదటి ప్రధాని రణరిద్ధ్, రెండో ప్రధాని హున్ సేన్. సెప్టెంబర్ 24న కొత్త రాజ్యాంగం వచ్చింది, రణరిద్ధ్ తండ్రి సిహనూక్ మళ్ళీ రాజయ్యాడు. రక్తం పారకుండా ఆగింది కదా అని మా ఆఫీసర్లు అన్నారు. అదీ నిజమే. అయినా సైన్యం, పోలీసు, ఊరి పెద్దలు అంతా ఎవరి చేతిలో ఉన్నారో వాళ్ళ చేతిలోనే ఉన్నప్పుడు మొదటి, రెండో అనే మాటలకి అర్థం ఏముంటుంది? ఆ ఐదు శాఖల అజమాయిషీ కాగితం మీద కాకుండా నిజంగా జరిగి ఉంటే వేరేగా ఉండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా మిషన్ వల్ల చెడు కూడా జరిగింది, చెప్పకపోతే తప్పు. 22,000 మంది డాలర్లతో వచ్చి పడితే అంత పేద దేశంలో ధరలు ఏమవుతాయి? ఇంటి అద్దెలు ఎక్కడికో పోయాయి. తెల్ల జీపుల వెనక బార్లు, బార్ల వెనక పల్లెటూరి ఆడపిల్లలు. కొందరు మాలాగే నీలం టోపీ పెట్టుకున్నవాళ్ళే అలా ప్రవర్తించారు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాత సంగతులు ఇక్కడికొచ్చాక పేపర్లో చదివినవే. 1997 జులైలో నోమ్ పెన్ వీధుల్లో ట్యాంకులు, రణరిద్ధ్ పదవి పోయింది. 98లో పోల్ పాట్ అడవిలో చనిపోయాడు, శిక్ష పడకుండానే. 2017లో ప్రధాన ప్రతిపక్షాన్ని కోర్టు రద్దు చేసింది, మరుసటి ఏడాది మొత్తం 125 సీట్లూ ఒకే పార్టీకి. 2023లో హున్ సేన్ దిగి కొడుకు హున్ మానెత్‌కి అప్పగించాడు. ఇంకోపక్క యుద్ధం నిజంగానే ఆగింది, ఒక తరం పిల్లలు తుపాకీ చప్పుడు వినకుండా పెరిగారు. మేము పడవ మీద దాటిన మెకాంగ్ మీద 2001లో కంపోంగ్ చామ్ దగ్గర వంతెన కూడా కట్టారు. దాని ఫోటో ఎక్కడ కనపడినా జూమ్ చేసి రేవు ఎక్కడుండేదో వెతుక్కుంటాను.

మేము ఆ పల్లె నుంచి సర్దుకున్న రోజు సెప్టెంబర్‌లో ఒక ముసురు పొద్దు. ఏరియల్ దించి, వైరు చుట్టి, వెదురు గుంజ గుడి భిక్షువులకి ఇచ్చేశాం. అన్‌టాక్ రేడియో కూడా ఆ నెలలోనే ఆగిపోయింది. ముసలమ్మ వచ్చింది, చేతిలో అదే చిన్న రేడియో. మళ్ళీ బ్యాటరీలు అడుగుతుందనుకుని నా దగ్గర మిగిలిన కొత్త సెల్స్ నాలుగు తీసి ఇచ్చాను. తీసుకుంది. రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తి దండం పెట్టి, ఏదో అడిగింది.

"మళ్ళీ ఎన్నికలు వస్తాయట కదా, అప్పుడు కూడా మీరు వచ్చి ఇక్కడే ఉంటారా అని అడుగుతోంది" అంది దుబాసీ అమ్మాయి.

లారీ ఇంజన్ ఆన్‌లో ఉంది, మావాళ్ళు పిలుస్తున్నారు. "వస్తాం అని చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి నా వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత ముసలమ్మ వైపు తిరిగి ఖ్మేర్‌లో చాలాసేపు మాట్లాడింది, నేను చెప్పిన రెండు ముక్కల కంటే చాలా ఎక్కువసేపు. ఏం చెప్పిందో నేను అడగలేదు.